కత్తెరక్క పరిచిన మైదానం

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె కత్తెరక్కే. ఇంటి ముందు గదే ఆమె కుట్టుకొట్టు. రెండు మిషన్లు, గోడకి ఆనించిన ఇస్త్రీ బల్ల, మధ్యలో ఓ మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగినంత కటింగ్ బల్ల. బల్ల నిండా సుద్దపొడి, దారం ముక్కలు. మెడలో టేపు తీయగా ఎవరూ చూడలేదు.

ఆమెది ఎడంచేతి వాటం. పని నేర్చుకునే రోజుల్లో కుట్టు మాస్టారు, "ఎడంచేత్తో కత్తిరిస్తే గీత వంకర పోతుందమ్మా, నీకీ పని అచ్చిరాదు" అని ముఖం మీదే చెప్పాడు. ఎడంచేతివాళ్ళ కోసం వేరే కత్తెరలుంటాయన్న సంగతి అప్పట్లో ఆయనకీ తెలియదు, ఈమెకీ తెలియదు. ఉన్న కత్తెరనే ఎడంచేత పట్టింది. బొటనవేలు బొబ్బలెక్కింది, బొబ్బలు పగిలాయి, పగిలినచోట చర్మం కాయ కట్టింది. గీత మాత్రం వంకర పోలేదు. కొట్టు పెట్టుకున్నాక కూడా కుట్టు ఒక్క పోగు పక్కకి జరిగిందంటే విప్పేసి మళ్ళీ వేసేది. "లోపలి కుట్టే కదక్కా, ఎవరు చూడొచ్చారు?" అని గిరాకీలే అంటే, "నేను చూశాగా" అనేది.

భర్త బస్సు డిపోలో మెకానిక్. నోరు తెరిస్తే హాస్యం తప్ప మరోటి రాదు. "మా ఆవిడ ఒక నిర్ణయానికొచ్చిందంటే బ్రేకులు ఫెయిలైన బస్సే. పక్కకి తప్పుకోవడమే మన పని" అని డిపోలో చెప్పుకునేవాడు.

ఆమెకి ఒక్కడే తమ్ముడు. సరుకుల ఓడల్లో ఇంజను గదిలో ఫిట్టరుగా చేసేవాడు. యౌవనమంతా ఆ రొదలోనే గడిచింది. ఇంజను మోత అతనికి పని ఇచ్చింది, అన్నం పెట్టింది, చివరికి రెండు చెవులూ తీసుకుంది. వైద్యపరీక్షలో పనికిరాడని తేలాక, ఒక సంచీ, ఒక పెట్టె పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. చెవులకి మిషన్లు పెట్టించారు. అలికిడి లేని గదిలో, ఎదురుగా ఒక్కరే కూర్చుని నిదానంగా మాట్లాడితే వినపడేది. రెండో మనిషి నోరు విప్పితే అంతా కాకిగోల. మొదట్లో బజారుకి వెళ్ళేవాడు. ఎవరో ఏదో అడగడం, ఇతను మరేదో జవాబు చెప్పడం, వాళ్ళు నవ్వడం. రాను రాను వీధిలోకి వెళ్ళడం మానేశాడు. తర్వాత ముందు గదిలోకి రావడమూ మానేశాడు.

వెనక గదిలో అతనికి తోడు ఆ పెట్టె ఒక్కటే. అమెరికన్ ఫుట్‌బాల్‌ని బల్ల మీద ఆడుకునే ఆట అది. ఓడలో వంటవాడొకడు నేర్పాడట. గీతలు గీసిన పొడుగాటి అట్ట మైదానం, రెండు రంగుల్లో బిళ్ళలు, పాచికలు, ఎత్తులు రాసిన కార్డులు, ఏ పాచిక పడితే ఏమవుతుందో చెప్పే పట్టికలు. నెలల తరబడి నీళ్ళ మీద ఉండేవాళ్ళు విసుగు చంపుకోవడానికి ఆడుకునేవారు.

ఒక మధ్యాహ్నం కత్తెరక్క అతనికి టీ ఇద్దామని గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. తమ్ముడు ఒక కార్డు ఎంచి బోర్లా పెట్టాడు. లేచాడు. బల్ల చుట్టూ తిరిగి అవతలి కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ కూడా కాసేపు తల పట్టుకుని ఆలోచించి, ఇంకో కార్డు బోర్లా పెట్టాడు. పాచికలు వేశాడు. మళ్ళీ లేచి ఇవతలి కుర్చీకి వచ్చాడు.

ఆమె టీ బల్ల మీద పెట్టి, అవతలి కుర్చీలో తానే కూర్చుంది.

"నాకు నేర్పరా" అంది, అతని కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా.

"నీకు రాదక్కా."

"ఎందుకు రాదు?"

"ఫుట్‌బాలంటే ఏంటో తెలుసా నీకు?"

"తెలీకేం. బంతిని కాలితో తన్నడం."

తమ్ముడు నవ్వాడు. ఇంటికి వచ్చాక అతను నవ్వడం ఆమె చూడలేదు. "ఇందులో బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు. చేత్తోనే విసురుకుంటారు."

"మరి ఫుట్‌బాలని పేరెందుకు పెట్టారు? చేతిబంతి అనొచ్చుగా?"

"అందుకే రాదన్నా" అని అతను టీ తాగేశాడు.

ఆ మాటతో ఆమెకి పట్టుదల వచ్చేసింది. నేర్చుకోవడం మొదలుపెట్టింది కానీ తల ప్రాణం తోకకొచ్చింది. తమ్ముడు చెప్పేది అంతా ఒకేసారి చెప్పేవాడు. మైదానంలో పదకొండు మంది ఎవరెవరు ఎక్కడ నిలబడతారు, ఎవరికి ఏ పేరు, ఏ తప్పుకి ఎంత శిక్ష. పెట్టెలో ఉన్న నిబంధనల పుస్తకం తీస్తే, ఆట తెలిసినవాళ్ళ కోసం రాసినట్టుంది. ఒక మాటకి అర్థం వెతికితే మరో తెలియని మాట ఎదురయ్యేది. రోజూ ఆడేది, రోజూ ఓడేది. ఎందుకు ఓడిందో కూడా తెలిసేది కాదు.

"ఏంటి, ఇవాళ కూడా చిత్తేనా?" అని భర్త అడిగేవాడు.

"చిత్తే."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు చెప్పు? వాడు ఒక్కడే ఆడుకుంటే నీకేం నష్టం?"

"వాడు రెండు కుర్చీల మధ్య తిరుగుతున్నాడండీ" అంది ఆమె. ఆయన ఆ తర్వాత ఆ హాస్యం ఆడలేదు.

ఒకరోజు లంగా గుడ్డ కొలుస్తూ ఉండగా ఆమెకి సంగతి బోధపడింది. మైదానం పొడవు వంద గజాలు. గజం ఆమెకి కొత్త కాదు, రోజూ చేతిలో నలిగే కొలతే. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. పోలేకపోతే బంతి అవతలివాళ్ళకి ఇచ్చేయాలి. అలా పదేసి గజాలు సంపాదించుకుంటూ చివరి గీత దాటితే ఆరు పాయింట్లు, దాన్నే టచ్‌డౌన్ అంటారు. అంతే ఆట. మిగిలినవన్నీ చొక్కాకి జేబులూ కాలర్లూ లాంటివి. గుడ్డ మడత పెట్టకుండానే వెనక గదిలోకి వెళ్ళి, "నాలుగింట్లో పది. అంతేగా?" అంది. తమ్ముడు ఆమెను ఎగాదిగా చూసి, "అంతే" అన్నాడు, కొంచెం అయిష్టంగా.

ఆ రోజు కూడా ఓడింది. కాకపోతే ఎందుకు ఓడిందో తెలిసి ఓడింది.

తమ్ముడికి ఒక్క మనిషితో ఆడడం చాలదని ఆమెకి త్వరలోనే అర్థమైంది. ఆమె ఏ ఎత్తు వేస్తుందో అతనికి ముందే తెలిసిపోయేది. ఆమె ఆలోచిస్తుంటే ఆవలించేవాడు. మనుషులు కావాలి. అందుకని ఆదివారం కొట్టు మూసేసి, కటింగ్ బల్ల ఖాళీ చేసి, ముగ్గురిని పిలిచింది. మందుల షాపు నడిపే ఆవిడ, ఉత్తరాలు తెచ్చే పోస్టాయన, మూలమీది మంగలి షాపాయన. ఆ ముగ్గురికీ ఈ ఆట పేరు కూడా తెలియదు. తమ్ముణ్ణి కూడా బతిమాలి ముందు గదిలోకి తెచ్చి కూర్చోబెట్టింది.

ఆమె బాగా సిద్ధమైంది. అదే కొంప ముంచింది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాలని మొదలుపెట్టి, తాను కష్టపడి నేర్చుకున్నదంతా వరసగా చెప్పుకుపోయింది. ఒక్క పాచికా పడలేదు. మందుల షాపావిడ మర్యాదకి తలూపుతూ మధ్యమధ్యలో ఫోను చూసుకుంది. పోస్టాయన, "ఆగండాగండి, బంతి ఇప్పుడెవరి దగ్గరుంది?" అని అడిగి, జవాబు విని, మళ్ళీ అదే అడిగాడు. మంగలాయన ఇస్త్రీ బల్లకి ఆనుకుని హాయిగా గురక పెట్టాడు. గురక విని ఇద్దరూ నవ్వారు. ఒకేసారి మాటలు కలిశాయి. ఎవరు ఏమంటున్నారో తెలియక తమ్ముడు ఒకరి పెదాల నుంచి ఇంకొకరి పెదాలకి చూస్తూ చూస్తూ, చివరికి లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ముగ్గురూ, "చాలా బాగుందక్కా, మళ్ళీ వస్తాం" అని వెళ్ళారు. మళ్ళీ రారన్నది ఆ గొంతుల్లోనే తెలిసింది.

సాయంత్రం తమ్ముడు అన్నం తింటూ, "చెవిటివాడి ముందు శంఖం ఊదారని విన్నాను. చెవులున్నవాళ్ళ ముందు కూడా నువ్వదే ఊదావక్కా" అన్నాడు.

భర్త పకపకా నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మర్నాడంతా మిషను తొక్కుతూ అదే ఆలోచించింది. కుట్టు నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకి తానెలా నేర్పుతుంది? మిషన్లో ఉన్న భాగాల పేర్లన్నీ చెప్పి అప్పుడు కూర్చోబెడుతుందా? లేదే. మొదటిరోజే స్టూలు మీద కూర్చోబెట్టి, సూదిలో దారం ఎక్కించకుండా, గీతలు గీసిన కాగితం పెట్టి తొక్కమంటుంది. సూది గీత మీద పోతోందా లేదా, అంతవరకే. దారం ఎప్పుడు ఎక్కించాలో పిల్లే అడుగుతుంది. అడిగినరోజు చెబితే జన్మలో మర్చిపోదు.

ఆమె మెడలోంచి టేపు తీసి బల్ల మీద పరిచింది. సున్నా నుంచి వంద సెంటీమీటర్ల దాకా మైదానం, సెంటీమీటరు ఒక గజం. మిగతా టేపు కిందికి మడిచేసింది. బంతికి ఒక గోధుమరంగు కోటు బటన్. పది గజాల గురుతుకి ఒక గుండుసూది. ఆటంతా రెండే కార్డులు, 'పరుగు', 'విసురు'. పరుగంటే ఒక పాచిక వేసి, ఎంత పడితే అంత జరగాలి. విసురంటే రెండు పాచికలు. రెండూ కలిపి సరిసంఖ్య వస్తే అంత దూరం, బేసి వస్తే బంతి కిందపడినట్టే. అడ్డుకునేవాళ్ళు కూడా ముందే ఒక కార్డు బోర్లా పెడతారు. ఇద్దరిదీ ఒకటే కార్డయితే అడ్డుకున్నట్టు, బటన్ అంగుళం కదలదు. ఈ పద్ధతంతా ఆ కార్డుల మీదే రెండు ముక్కల్లో రాసిపెట్టింది.

తమ్ముడికి చూపిస్తే అతని ముఖం మాడిపోయింది.

"ఇది ఆట కాదు. నువ్వు మంచి కోటుగుడ్డ చింపి చేతిరుమాళ్ళు కుట్టావు."

"చేతిరుమాలు కుట్టడం వచ్చినవాళ్ళే రేపు కోటు కుడతారు."

"తప్పుకి శిక్ష లేదు. బంతి లాక్కోవడం లేదు. కిక్ లేదు. పేరుకి కూడా కాలు లేదు ఇందులో."

"ఎవరైనా అడిగితే పెడతాను."

"తెలీనివాళ్ళు ఎలా అడుగుతారు?"

"చూద్దాం" అంది ఆమె. ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. మధ్యలో బావ ఒకడు, ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోయలేక, "నాకు డిపోలోనే ప్రశాంతంగా ఉంది" అని ఆలస్యంగా ఇల్లు చేరేవాడు.

మందుల షాపావిడని పిలవడానికి కత్తెరక్క మూడుసార్లు వెళ్ళింది. మూడోసారి ఆవిడ మొహమాటం వదిలేసి, "అక్కా, నిజం చెప్పనా? నాకు ఆటలు తెలీవు. పోయినసారి బుర్ర వేడెక్కిపోయింది" అంది.

"ఈసారి నేను నోరు విప్పను. టీ తాగినంతసేపు కూర్చోండి. నచ్చకపోతే కప్పు దించేసి వెళ్ళిపోండి, ఏమనుకోను."

ఆదివారం ఆవిడ ఒక్కతే వచ్చింది. పోస్టాయన కూడా వచ్చాడు కానీ ఆటకి కాదు, పొట్టి చేయించుకోవడానికిచ్చిన ప్యాంటు కోసం. "ప్యాంటు ఇస్త్రీ కావాలి, అందాకా కూర్చోండి" అని కత్తెరక్క ఆయన్ని అవతలి కుర్చీలో కూలేసింది. తమ్ముడు వెనక గది గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె చెప్పింది నాలుగు మాటలే. "బటన్ మీది. ఇరవై మీద ఉంది. నాలుగు ప్రయత్నాల్లో ఈ గుండుసూది దాటించండి."

మందుల షాపావిడ 'పరుగు' పెట్టింది. పోస్టాయన 'విసురు' పెట్టాడు. పాచిక మీద నాలుగు పడింది. బటన్ ఇరవై నాలుగుకి జరిగింది. ఆవిడ కప్పు పక్కన పెట్టింది. రెండోసారి 'విసురు', బేసి పడి వృథా అయింది. మూడోసారి 'పరుగు'. పోస్టాయన కూడా 'పరుగే' పెట్టాడు, బటన్ కదల్లేదు. ఇంక ఒక్కటే ప్రయత్నం, పోవలసింది ఆరు గజాలు.

"ఇప్పుడు దాటకపోతే?" అంది ఆవిడ.

"బటన్ ఎక్కడుంటే అక్కణ్ణుంచే పోస్టాయన మీ గీత వైపు మొదలుపెడతారు."

"ఇక్కణ్ణుంచా?" ఆవిడ టేపు మీద వంగి చూసింది. "ఇది నా గుమ్మం ముందే కదా. ఇంత దగ్గర ఇచ్చేస్తే ఇంట్లోకి వచ్చినట్టే. అటు చివరికి ఎక్కడికైనా గిరాటెయ్యడానికి లేదా? ఇవ్వక తప్పదన్నప్పుడు దూరంగా ఇవ్వొచ్చుగా?"

కత్తెరక్క జవాబు చెప్పబోయేలోగా తమ్ముడు బల్ల దగ్గరికి వచ్చాడు. ఆవిడ అడిగిన మాట అతనికి వినపడలేదు. బటన్ ఎక్కడుందో కనిపించింది, నాలుగో ప్రయత్నమని కనిపించింది, ఆవిడ ముఖం కనిపించింది. బటన్ని వేలితో ఎత్తి, టేపు మీదుగా గాలిలో తీసుకెళ్ళి అవతల అరవై నాలుగు మీద దించాడు. చెవులు సరిగా వినపడనివాళ్ళ గొంతు ఎలా ఉంటుందో అలా, గది దద్దరిల్లేలా, "తన్నండి" అన్నాడు.

పోస్టాయన ఉలిక్కిపడ్డాడు. మందుల షాపావిడ బటన్ వైపూ అతని వైపూ చూసి, "హమ్మయ్య, ఇప్పటికి వచ్చింది ఫుట్టు" అంది.

ఆ మాట అతను పెదాల మీద చదివాడు. నవ్వుతూ పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇస్త్రీ ఎప్పుడో అయిపోయినా పోస్టాయన ప్యాంటు అడగలేదు. చీకటి పడేసరికి ఆ ఇద్దరికీ టచ్‌డౌన్ తర్వాత ఒక పాయింటు కిక్ ఉందని తెలిసింది, దూరం నుంచి గోలు కొడితే మూడు పాయింట్లని తెలిసింది. ప్రతిదీ వాళ్ళే అడిగి తెలుసుకున్నారు.

కత్తెరక్క ఆ బల్లకి రెండు కట్టుబాట్లు పెట్టింది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడకూడదు. మాట్లాడేవాళ్ళు తమ్ముడి వైపు తిరిగి మాట్లాడాలి. అసలు మాటలే అవసరం లేకుండా చేతి గుర్తులు కూడా పుట్టాయి. పిడికిలి బిగిస్తే పరుగు, అరచెయ్యి చాపితే విసురు, బల్ల మీద వేలితో కొడితే కిక్.

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. పోస్టాయనది నిదానం. కార్డు పెట్టడానికి ముందు ఉత్తరం మీద చిరునామా చదువుకున్నంత జాగ్రత్తగా ఆలోచిస్తాడు. ఓడలో ఆడిన తమ్ముడికి ఆ నిదానం కంపరం. ఒక ఆదివారం పెట్టెలోని పూర్తి ఆట ఆడుతుండగా సహనం చచ్చి, "రాతి బండకి నేర్పినా ఈపాటికి వచ్చేది" అని గట్టిగా అనేసి, బల్ల మీది బిళ్ళలన్నీ చేత్తో ఊడ్చేశాడు. పోస్టాయన లేచాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఉత్తరాలు తలుపు కింద నుంచి తోసేసి పోయాడు.

"వెళ్ళి క్షమించమని అడుగు" అంది కత్తెరక్క.

"ఇక్కడికి పిలువు, అడుగుతాను."

"పిలవను. నువ్వు అన్నావు, నువ్వే వెళ్ళాలి. పోస్టాఫీసుకి."

అతని ముఖం పాలిపోయింది. పోస్టాఫీసంటే జనం, క్యూలు, అద్దాల వెనక నుంచి మాట్లాడేవాళ్ళు, ముద్రలు కొట్టే చప్పుడు. "నాకేం వినపడదక్కా అక్కడ."

"నువ్వు వినక్కర్లేదు. చెప్పాలంతే."

"వెళ్ళకపోతే?"

"ఆదివారం బల్ల మీద మైదానం పరవను. నేను కూడా అవతలి కుర్చీలో కూర్చోను."

మర్నాడు అతను వెళ్ళాడు. ఆమె తోడు వెళ్ళలేదు. వెళ్ళాలని కాళ్ళు లాగుతున్నా మిషను దగ్గరే కూర్చుని, కుట్టినదే విప్పి మళ్ళీ కుట్టింది. అక్కడ జరిగింది తర్వాత పోస్టాయనే చెప్పాడు. లోపల ఉత్తరాలు విడదీస్తుంటే క్యూలో ఇతను కనిపించాడట. పార్సిళ్ళ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలి అమ్మాయి ఏదో అడుగుతోంది, ఇతను కాదన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు, వెనకవాళ్ళు గొణుగుతున్నారు. చెమటలు కారిపోతున్నా క్యూ వదలలేదు. పోస్టాయన బయటికి రాగానే, ఆఫీసు మొత్తం తల తిప్పి చూసేలా, "తప్పు నాదే. మీరు బండ కాదు" అని అరిచాడు.

"వినపడిందయ్యా బాబూ, పై ఊరి పోస్టాఫీసుకి కూడా వినపడింది" అని పోస్టాయన భుజం మీద చెయ్యి వేసి పక్క బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ మాట ఇతనికి అర్థం కాలేదు, చెయ్యి మాత్రం అర్థమైంది.

అప్పట్నుంచి తమ్ముడు పాలు తేవడానికి వెళ్ళాడు, రంపం కొనడానికి వెళ్ళాడు. అడిగింది వినపడకపోతే చెవి చూపించి, కాగితం మీద రాయమనేవాడు. రంపం ఎందుకంటే, అట్ట మైదానం అరిగిపోయిందని, పలక చెక్క తెచ్చి, ఇంజను భాగాలు సానబట్టిన చేతులతో కొత్తది చేశాడు. గజం గజానికీ గీత తొలిచి తెల్లరంగు నింపాడు. బిళ్ళ పెడితే జారదు.

మందుల షాపావిడ చెల్లెలు గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఆదివారాలు మేడమీది హాలు ఖాళీగా ఉంటుందని, అక్కడ పెట్టుకోవచ్చని చెప్పింది. "కానీ నిశ్శబ్దంగా ఉండాలండీ, కింద చదువుకునేవాళ్ళుంటారు" అని నసిగింది.

కత్తెరక్కకి ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. "అంతకంటే ఏం కావాలమ్మా?" అంది.

అక్కడ మొదటి ఆదివారం నలుగురే వచ్చారు. రెండోసారి ఇద్దరు. మూడోసారి వాన. ఎవ్వరూ రాలేదు. అక్కా తమ్ముళ్ళిద్దరే హాల్లో కూర్చుని ఆడుకుని, బల్లలు తుడిచి, తాళం ఇచ్చేసి వచ్చారు. "చాలించొచ్చుగా" అన్నాడు భర్త. "వాన కురిసింది, అంతే. ఆట పోలేదు" అంది ఆమె. వారం పొడుగునా కొట్టుకి వచ్చిన ప్రతి మనిషికీ కొలతలు తీసుకుంటూ అదే మాట చెప్పేది. నడుముకి టేపు చుట్టించుకున్న మనిషి ఎక్కడికి పారిపోతాడు? వరసగా రావడం మొదలుపెట్టారు. కింద చదువుకునేవాళ్ళు కొందరు, పైన ఇంతమంది కూర్చుని ఒక్క చప్పుడూ లేకుండా పిడికిళ్ళు బిగించి అరచేతులు చాపుకుంటున్నారేమిటా అని చూడ్డానికి వచ్చి, కుర్చీలు లాక్కున్నారు. నిద్రపోయిన మంగలాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి నిద్రపోలేదు సరికదా, గెలిచి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, "ఇంకొక్క ఆట" అన్నాడు.

హాల్లో రెండు బల్లలు వేసేవారు. కిటికీ పక్కది మొదటి బల్ల, అది కత్తెరక్కది. కొత్తవాళ్ళందరూ అక్కడే. రెండోది పెద్ద బల్ల, తమ్ముడిది. కార్డులు, పట్టికలు, శిక్షలు అన్నీ ఉన్న పూర్తి ఆట. మొదటి బల్ల దగ్గర అడగాల్సినవన్నీ అడిగేసి, ఇంకా ప్రశ్నలు మిగిలినవాళ్ళు రెండో బల్లకి వెళ్ళేవారు. తమ్ముడు మాత్రం మొదటి బల్లని ఒప్పుకోలేదు. ఎవరైనా అక్కడ ఆడుతుంటే చూసి, "చేతిరుమాళ్ళ కార్ఖానా" అనేవాడు. ఆమె పట్టించుకునేది కాదు. మందుల షాపావిడ అతన్ని పూర్తి ఆటలో ఓడించినరోజు కూడా అతను, "ఆవిడ తెలివైంది, నీ టేపు వల్ల కాదు" అన్నాడు.

ఒక ఆదివారం కత్తెరక్కకి కుదరలేదు. ఒకావిడకి మర్నాడు పెళ్ళి, రవికె భుజం దగ్గర పట్టేసింది, కూర్చుని సరిచేసి ఇవ్వాల్సిందే. "మొదటి బల్ల ఇవాళ వేయకు. కొత్తవాళ్ళొస్తే వచ్చే వారం రమ్మను" అని తమ్ముడికి చెప్పి పంపింది.

పని ముగిసి, ఇంకా వెలుతురుండగానే ఆమె గ్రంథాలయానికి వెళ్ళింది. మేడమెట్లు ఎక్కుతుంటే పైన ఏ చప్పుడూ లేదు. అందరూ వెళ్ళిపోయారేమో అనుకుంది. హాలు గుమ్మంలోంచి చూస్తే పెద్ద బల్ల దగ్గర పోస్టాయన, మంగలాయన ఆడుతున్నారు. కిటికీ పక్క మొదటి బల్ల కూడా వేసి ఉంది. దాని ముందు తల నెరిసిన భార్యాభర్తలిద్దరు, ఎవరో కొత్తవాళ్ళు, ఎదురెదురుగా కూర్చున్నారు. పక్కన తమ్ముడు. ఆ పెద్దాయన నాలుగో ప్రయత్నం దగ్గర ఇరుక్కుపోయి నుదురు గోక్కుంటున్నాడు. తమ్ముడికి జవాబు తెలుసు, చెయ్యి బటన్ దాకా వెళ్ళింది. వెళ్ళి, ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్దాయన తలెత్తి అతన్ని ఏదో అడిగేదాకా అలాగే కూర్చున్నాడు.

కత్తెరక్క లోపలికి వెళ్ళకుండా మెట్ల మీద కూర్చుంది. పొద్దుటి నుంచి వంగి కుట్టిన నడుము నొప్పిగా ఉంది. మెట్టు చల్లగా ఉంది. లోపల ఆ పెద్దావిడ నవ్వు ఒకటి వినపడింది, వెంటనే ఎవరో "ష్" అన్నారు.

ఆట ముగిశాక తమ్ముడు బయటికి వచ్చి ఆమెను చూశాడు. ఎంతసేపైంది వచ్చి అని అడగలేదు.

"ఇంకా ముగ్గురొచ్చారక్కా. బల్ల చాలక వెళ్ళిపోయారు. మొదటి బల్లకి ఇంకో సెట్టు కావాలి."

"చేతిరుమాళ్ళకా?"

"వాటికే." గొంతు ఎప్పటిలాగే గట్టిగా వచ్చింది, లోపల మంగలాయన తల తిప్పి చూశాడు. "కానీ ఒక్కటి. బంతి లాక్కోవడం మొదట్నుంచీ ఉండాలి. విసిరితే అవతలివాడు పట్టుకోవచ్చని తెలీకపోతే భయమే ఉండదు. భయం లేకపోతే ఏం ఆట?"

"అడిగినప్పుడు చెప్పొచ్చుగా."

"అది ఎవరూ అడగరు. ఇవాళ చూశాను."

ఆమె రైలింగు పట్టుకుని లేచి నిలబడింది. "సరే, రెండు పాచికల మీదా ఒకటే పడితే లాక్కున్నట్టు. దానికి మించి ఒప్పుకోను."

"రెండూ కలిపి ఏడు పడినా లాక్కోవాలి."

"ఏడు మరీ ఎక్కువ సార్లు పడుతుందిరా. కొత్తవాళ్ళు బెదిరిపోతారు."

"బెదరనీ."

తాళం చెవి కింద ఇచ్చేసి, అదే మాట మీద వాదించుకుంటూ ఇద్దరూ వీధిలోకి నడిచారు. అతనికి వినపడడానికి ఆమె ప్రతి మాటకీ ఆగి అతని వైపు తిరగాల్సి వచ్చింది. ఇల్లు చేరడానికి చాలాసేపు పట్టింది.